చేతికి చిక్కిన మనిషి: ఉద్దానం చరిత్రలో యుద్ధనీతి

 



నౌపడ మనందరికీ తెలిసిన ఊరే. స్టేషను దాటి సముద్రం వైపు వెళితే ఉప్పు మడులు కనిపిస్తాయి. 1930లో ఆ ఉప్పు కోసమే ఇక్కడి జనం ఎవరి మీదా చేయెత్తకుండా ఒక చట్టాన్ని ధిక్కరించారు. అదే స్టేషను నుండి టెక్కలి, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే రైలుదారి సవరలూ జాతాపులూ నివసించే కొండల అంచులకు చేరుస్తుంది. ప్రధాన మార్గంలో ఉత్తరానికి సాగితే పలాస. ఆ చుట్టుపట్ల సముద్రపు ఒడ్డు పొడవునా కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానమైందని చెబుతారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 38 సంవత్సరాలకు ఈ తోటలలో, ఆ కొండలలో మరో రకమైన ధిక్కారం మొదలైంది. ఈసారి రెండు వైపులా ఆయుధాలున్నాయి.

నక్సలైట్ల సంగతి మసీదులో ఎందుకని కొందరికి అనిపించవచ్చు. వారు దైవాన్ని నమ్మినవారు కారు, మన జిల్లాలో మనం కొద్దిమందిమి, మనకు ఆ గొడవతో సంబంధమేమిటని అడగవచ్చు. ఒక ప్రాణాన్ని అన్యాయంగా తీయడం సమస్త మానవాళినీ చంపడంతో సమానమని దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 32వ ఆయతులో బోధించింది. అక్కడ వాడిన మాట ‘నఫ్స్’, అంటే ప్రాణం. ఆ ప్రాణం ఏ మతస్థునిదన్న ప్రస్తావన అక్కడ లేదు. పైగా గాజాలోనో సూడాన్‌లోనో జరిగే యుద్ధాలను ఫోనులో చూసి కన్నీరు పెట్టే మన యువకులకు, మన రైలు కిటికీలోంచి కనిపించే కొండల్లో జరిగినదేమిటో తెలియకపోవడం న్యాయం కాదు.

ఈ నేల మీద కాల్పులు 1968లో కొత్త కాదు. 1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో, అడవి కలప మీద రైతుల హక్కు గురించి లేచిన గొడవలో పోలీసులు తుపాకులు పేల్చారు. నిండు గర్భిణి అయిన సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లో మరణించింది. వీరగున్నమ్మగా ఆమెను ఈ ప్రాంతం ఇప్పటికీ తలచుకుంటుంది. జమీందారీలు పోయాయి, స్వరాజ్యం వచ్చింది. కాని కొండల మీద భూమి గిరిజనుని చేతి నుండి షావుకారు చేతికి మారడం ఆగలేదు. ఏజెన్సీలో భూమి బదిలీని నియంత్రించే చట్టం 1917 నాటికే ఉంది, 1959లో మరో నిబంధన వచ్చింది. కాగితం మీద చట్టం, పొలంలో అప్పు, అప్పుదే పైచేయి. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్ళు గిరిజన సంఘాన్ని నిలబెట్టి కూలి రేట్ల కోసం, తాకట్టు భూముల కోసం, వెట్టి రద్దు కోసం పనిచేసింది ఆ కాలంలోనే.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరగబోయే సంఘ మహాసభకు వెళుతున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ తీర్పును ఈ చరిత్ర నుండి తప్పించి మాట్లాడేవారు జరిగినదాంట్లో సగమే చెబుతారు. 1968 నవంబరులో ఉద్దానంలోని గరుడభద్రలో ఊరేగింపుగా వెళుతున్న మహిళలపై దౌర్జన్యం జరిగింది. ఆ నెలలోనే ఏజెన్సీలో భూస్వామి ఇంటిపై దాడితో సాయుధ పోరాటం మొదలైంది. పలాస దగ్గరి బొడ్డపాడు దానికి ఒక కేంద్రమయింది. ఆ ఊరి గుడిలో పూజారిగా ఉండి, జముకుల కథ చెప్పి జనాన్ని కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది కృష్ణమూర్తి, నిర్మల దంపతులు అందులోకి వెళ్ళారు.

1969 ఏప్రిల్‌లో ఏర్పడిన కొత్త పార్టీ నాయకుడు చారు మజుందార్ ‘వర్గశత్రు నిర్మూలన’ను పోరాటానికి దారిగా నిర్ణయించాడు. దాని అర్థం సూటిగా చెప్పాలి. కొద్దిమంది రాత్రి వేళ భూస్వామి లేక వడ్డీవ్యాపారి ఇంటికి వెళ్ళి, నిరాయుధుడైన ఆ మనిషిని చంపిరావడం. కొన్నిచోట్ల పోలీసులకు కబురు చేరవేశాడన్న అనుమానమే చాలు. ఫిర్యాదీ, సాక్షి, న్యాయాధికారి, తలారి అందరూ ఒక్కరే. చనిపోయినవారిలో నిజంగా క్రూరులైనవారు ఉండి ఉండవచ్చు. అయితే వారి క్రూరత్వం ఎంత, దానికి తగిన శిక్ష ఏది అని తూచిన త్రాసు ఎక్కడుంది?

ప్రభుత్వం 1969లో జిల్లాలోని ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1948 నాటి చట్టం పోలీసులకు అసాధారణమైన కాల్పుల అధికారాన్ని ఇచ్చింది. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, మరి ఆరుగురు మరణించారు. ఎదురుకాల్పులని పోలీసులు చెప్పారు. ముందే పట్టుకుని కొండల దగ్గరికి తీసుకెళ్ళి కాల్చారని ఉద్యమకారులు, పౌరహక్కులవారు చెప్పారు. అదే సంవత్సరం డిసెంబరులో పాణిగ్రాహి, పంచాది నిర్మల మరికొందరితో కలిసి చనిపోయారు. 1970 జూలై 10న సత్యం, కైలాసం చనిపోయారు. ప్రతిసారీ అదే ప్రకటన, ప్రతిసారీ అదే ఆరోపణ. రెంటిలో ఏది నిజమో తేల్చవలసిన బహిరంగ విచారణ మాత్రం జరగలేదు.

‘ఎన్‌కౌంటర్’ అన్న ఆంగ్లపదం మన భాషలోకి ఎలా వచ్చిందో గమనించండి. మూలభాషలో దాని అర్థం ఇద్దరు ఎదురుపడటం. తెలుగులో ‘వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు’ అంటాం. ఎదురుపడటానికి ఇద్దరు కావాలి. ఈ వాక్యంలో చేసేవారొకరు, చేయించుకునేవాడొకడు. ఏ కమిషనూ రాయని సంగతిని మన వ్యాకరణం ఎప్పుడో రాసిపెట్టింది.

ఇప్పుడు మన చరిత్ర వైపు చూద్దాం. పాలకునిపై ఆయుధం ఎత్తినవానితో ఎలా వ్యవహరించాలన్న ప్రశ్న ముస్లిముల ముందుకు మొదటి తరంలోనే వచ్చింది. హిజ్రీ 36వ సంవత్సరంలో (క్రీ.శ. 656) బస్రా వద్ద జమల్ యుద్ధం జరిగింది. ఎదుట నిలిచినవారు పరాయివారు కారు, ఒకే ఖిబ్లా వైపు సజ్దా చేసేవారు. యుద్ధం గెలిచిన హజ్రత్ అలీ (రజి) చాటింపు వేయించారు: పారిపోయేవానిని తరమకూడదు, గాయపడినవానిని చంపకూడదు, ఆయుధం పారేసినవాడూ ఇంటి తలుపు వేసుకున్నవాడూ క్షేమంగా ఉండాలి. వారి ఆస్తులను యుద్ధప్రాప్తిగా పంచడానికీ, వారి స్త్రీలను బందీలుగా పట్టడానికీ ఒప్పుకోలేదు. వారు మనపై తిరగబడిన మన సోదరులే అన్న మాట ఆయన నోట వచ్చినట్లు చరిత్రకారులు చెబుతారు.

ఖవారిజ్‌ల విషయంలో ఆయన ఇంకా ముందుకు వెళ్ళారు. కూఫా మసీదులోనే నిలబడి వారు ఆయనను దూషించేవారు. మీరు మాతో మూడు హక్కులు పొందుతారని ఆయన వారికి చెప్పారు: మసీదులకు రాకుండా అడ్డుకోము, మాతో కలిసి ఉన్నంతకాలం ప్రజాధనంలో మీ వాటా ఆపము, మీరు మొదలుపెట్టనంతవరకు యుద్ధం మొదలుపెట్టము. భావాన్ని బట్టి శిక్ష లేదు, నేరం జరిగితేనే శిక్ష. ఒక పాలకుడు తన సింహాసనాన్నే కాదనేవారికి ఇచ్చిన ఈ హామీని, 1919లో మ్యూనిక్‌లో మాక్స్ వెబర్ చేసిన ప్రసంగం పక్కన పెట్టి చూడాలని మాకు అనిపిస్తుంది. న్యాయసమ్మతమైన బలప్రయోగం తన ఒక్కదానిదేనని చెప్పుకోగలిగినదే రాజ్యమని వెబర్ నిర్వచించాడు. రాజనీతి విద్యార్థులు దానిని కంఠస్థం చేస్తారు. ‘న్యాయసమ్మతమైన’ అన్న విశేషణం దగ్గర మాత్రం చాలామంది ఆగరు. హజ్రత్ అలీ (రజి) ఆగింది అక్కడే.

ఇమామ్ షాఫియీ (మరణం హిజ్రీ 204) వంటి ఫకీహ్‌లు ఈ ఆచరణ నుండే తిరుగుబాటుదారుల విషయమై ఒక పూర్తి అధ్యాయాన్ని రూపొందించారు. చిక్కిన తిరుగుబాటుదారుణ్ణి చంపరాదని షాఫియీ మతం. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ గ్రంథాలలో కొంత భేదం ఉంది: అతడు తిరిగి వెళ్ళి చేరడానికి సాయుధ దళం ఇంకా మిగిలి ఉంటే పాలకునికి కొంత వెసులుబాటు ఇచ్చారు, దళం లేకపోతే చంపడానికి వీలులేదన్నారు. ఈ భేదాన్ని దాచి అందరూ ఒకే మాట అన్నారని చెప్పడం మాకు ఇష్టం లేదు. ఆ అధ్యాయం ముస్లిముల మధ్య తిరుగుబాటు గురించి రాసినది కనుక, దీనిని మేము ఫత్వాగా చెప్పడం లేదు కూడా. చిక్కిన మనిషి ప్రాణం గురించి అంత జాగ్రత్తగా ఆలోచించిన సంప్రదాయం మనదని మాత్రం చెబుతున్నాము.

అధికారి తప్పు చేస్తే ఏం జరగాలో మహాప్రవక్త (స) స్వయంగా చూపించారు. మక్కా విజయం తర్వాత హజ్రత్ ఖాలిద్ (రజి) నాయకత్వంలో ఒక దళం బనూ జజీమా తెగ వద్దకు వెళ్ళింది. ఆ తెగవారు లొంగిపోతూ అన్న మాట సరిగ్గా అర్థం కాలేదు. బందీలను చంపమని ఆజ్ఞ వెలువడింది. హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమర్ (రజి) తన బందీని చంపనని నిరాకరించారు, తన తోటివారినీ చంపనివ్వలేదు. వార్త తెలిసిన దైవప్రవక్త (స) చేతులు పైకెత్తి, ఖాలిద్ చేసినదానితో తనకు సంబంధం లేదని అల్లాహ్‌కు రెండుసార్లు విన్నవించుకున్నారు. తర్వాత హజ్రత్ అలీ (రజి)ని ధనంతో పంపారు. చనిపోయిన ప్రతి మనిషికీ నష్టపరిహారం, పోయిన ప్రతి వస్తువుకూ వెల, చివరికి కుక్క నీళ్ళు తాగే పాత్రకు కూడా లెక్కకట్టి ఇచ్చినట్లు సీరత్ గ్రంథాలు చెబుతాయి. ఖాలిద్ ఎంతటి యోధుడో మనకు తెలుసు. ఆయన సేవలు గొప్పవని ఆ తప్పును కప్పిపుచ్చలేదు. ‘దళాల మనోధైర్యం దెబ్బతింటుంద’ని ఎవరూ అనలేదు. ఇబ్ను ఉమర్ నిరాకరణను క్రమశిక్షణా రాహిత్యంగానూ చూడలేదు.

ఖవారిజ్‌ల చరిత్ర రెండో వైపువారికి కూడా అద్దమే. వారు కపటులు కారు, రాత్రంతా నమాజు చేసేవారు. న్యాయం కోసమే కత్తి పట్టామన్నారు. సహాబీ కుమారుడైన అబ్దుల్లాహ్ ఇబ్ను ఖబ్బాబ్‌ను వారు దారిలో పట్టుకున్న ఘట్టంలో చరిత్రకారులు ఒక వివరం రాశారు. వారిలో ఒకడు చెట్టు నుండి రాలిన ఖర్జూరపు పండును నోట వేసుకుంటే, వెల ఇవ్వకుండా తింటావా అని తోటివారు కోప్పడ్డారట, అతడు ఉమ్మేశాడట. ఆ తర్వాత వారే అబ్దుల్లాహ్‌ను, గర్భవతి అయిన ఆయన సహచరిని చంపారు. హంతకులను అప్పగించమని అలీ (రజి) అడిగారు. మేమందరమూ హంతకులమే అని బదులు వచ్చింది. నహ్రవాన్ యుద్ధం (హిజ్రీ 38) అప్పుడు జరిగింది, అంతకుముందు కాదు. పరాయి పండును ముట్టనంత నిష్ఠ ఉన్నవారి చేతనే ఒక సిద్ధాంతం గర్భిణిని చంపించగలదు. నిర్మూలన బాట పట్టిన విద్యావంతుల చరిత్ర చదివినప్పుడల్లా మాకు ఆ ఖర్జూరపు పండు గుర్తుకు వస్తుంది.

అయితే లేవిడి తీర్పు మాటేమిటి? కోర్టు న్యాయం చేయనప్పుడు బీదవాడు ఎక్కడికి పోవాలి? జనంపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదని ఖుర్ఆన్ (5:8) ఆజ్ఞాపించింది. ఈ మాట వేదిక మీద చెప్పడం తేలిక, కోరన్న మంగన్నల ఇళ్ళకు వెళ్ళి చెప్పడం తేలిక కాదు. న్యాయస్థానం విఫలమైతే ఆ పాపభారం మొదట పాలకులది. కాని ఆ వైఫల్యం ప్రతి కత్తికీ తీర్పు చెప్పే అధికారం ఇవ్వదు. ఇస్తే, రేపు ఆ కత్తి ఎవరి చేతిలో ఉంటుందో ఎవరు చెప్పగలరు? గిరిజనేతరులకు ఏజెన్సీ భూముల బదిలీని పూర్తిగా నిషేధించిన నిబంధన చివరికి 1970లో వచ్చింది. పోరాటం వల్లనే వచ్చిందని కొందరంటారు. అందులో నిజం లేదని మేము అనము. కాని ఆ మార్పు రాసుకున్నది చట్టపు పుస్తకంలోనే. చంపిన భూస్వాముల రక్తం దానిలో ఒక్క అక్షరాన్నయినా రాసిందా అన్నది వేరే ప్రశ్న.

చేతికి చిక్కిన మనిషిని న్యాయాధికారి ముందుకు తీసుకెళ్తే ఏమవుతుందో చెప్పడానికి నౌపడ రైలుదారి చివరి ఊరే సాక్షి. గుణుపురం న్యాయవాది నాగభూషణ్ పట్నాయక్ ఈ పోరాటంలో ముఖ్యుడు. ఆయన కోర్టు దాకా చేరాడు. 1970లో మరణశిక్ష పడింది, క్షమాభిక్ష అడగనన్నాడు. ఆ శిక్ష తర్వాత యావజ్జీవంగా మారింది. విడుదలై, 1980ల్లో ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్ అనే బహిరంగ సంస్థకు అధ్యక్షుడై సభల్లో మాట్లాడాడు, 1998 వరకు జీవించాడు. కొండ మీద చనిపోయినవారికి ఆ 28 సంవత్సరాలు దక్కలేదు. సత్యం, కైలాసం మాస్టార్లు ఇంకా ఏమి ఆలోచించేవారో, దేనిని మార్చుకునేవారో మనకు తెలిసే మార్గం లేదు. కోర్టులు ఎప్పుడూ ప్రాణం నిలిపాయని కాదు. ఆదిలాబాద్ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. కాని వారి పేరు మీద ఒక కేసు ఉంది, సాక్ష్యం ఉంది, తీర్పు ఉంది. అది తప్పని వాదించడానికి ఈనాటికీ కాగితాలున్నాయి.

ఆ కాగితాల కోసమే కొందరు తెలుగువారు జీవితాలు ధారపోశారు. 1977లో జస్టిస్ తార్కుండే కమిటీ ఎమర్జెన్సీ నాటి ఎన్‌కౌంటర్లను పరిశీలించి, పట్టుకున్నవారిని చంపారని నివేదించింది. అందులో న్యాయవాది కె.జి. కన్నబిరాన్ కృషి పెద్దది. కె. బాలగోపాల్ రాజ్యహింసను ప్రశ్నిస్తూనే నక్సలైట్ల హింసను కూడా అదే కొలతతో కొలవాలన్నారు. 1998లో మానవహక్కుల వేదిక ఏర్పడింది ఆ చర్చల నుండే. 1987లో తననే అపహరించిన నక్సలైట్లతో ప్రభుత్వం మాట్లాడాలని విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ కొన్నేళ్ళపాటు పట్టుబట్టారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి, నిలవలేదు. పోలీసు కాల్పుల్లో ఎవరైనా మరణిస్తే విచారణ ఎలా జరగాలో సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు 2011లో, ఛత్తీస్‌గఢ్‌లో గిరిజన యువకులకు తుపాకులిచ్చి గిరిజనుల మీదికే పంపే పద్ధతిని ఆ న్యాయస్థానమే రాజ్యాంగ విరుద్ధమన్నది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉన్నారు.

1949 జెనీవా ఒప్పందాల మూడవ అధికరణం దేశం లోపలి సాయుధ ఘర్షణల్లో కూడా ఆయుధం వదిలినవానినీ, గాయపడినవానినీ, చిక్కినవానినీ కాపాడాలంటుంది. మన దేశం ఆ ఒప్పందాలను 1950లోనే ఆమోదించింది. దానిలోని మాటలకు జమల్ నాటి చాటింపుతో ఎంత దగ్గరి పోలిక ఉందో చదివినవారికి తెలుస్తుంది. ఈ పోలికను చూసి గర్వించే ముందు మరొకటి కూడా గుర్తుంచుకోవాలి. 2015లో ఒక జోర్డాన్ పైలట్‌ను బోనులో పెట్టి తగలబెట్టి, ఆ దృశ్యాన్ని ప్రపంచానికి చూపినవారు తమను ఖిలాఫత్ అని పిలుచుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందే 126 మంది పండితులు వారి నాయకునికి బహిరంగ లేఖ రాసి, బందీలను చంపడం నిషిద్ధమని చెప్పారు. ఆ లేఖ గురించి మన మసీదుల్లో ఎంతమంది విన్నారు?

ఇప్పటికీ ఈ తీరంలో భూమి, నీరు, బీల అనగానే తుపాకీ గుర్తుకొచ్చే ఇళ్ళున్నాయి. 2010లో సోంపేట బీల దగ్గర, 2011లో నౌపడకు దగ్గరలోని కాకరాపల్లిలో విద్యుత్ కేంద్రాలు వద్దన్న జనంపై కాల్పులు జరిగి మనుషులు మరణించారు. వారు గెరిల్లాలు కారు, రైతులు, మత్స్యకారులు.

బొడ్డపాడులో అమరులకు స్తూపం ఉంది. ప్రతి అక్టోబరు 21న పోలీసులు తమ అమరులకు నివాళి అర్పిస్తారు. నిర్మూలనలో చనిపోయినవారికి స్తూపం లేదు, వారి ఇళ్ళలో పటాలున్నాయేమో. ఒక తలుపు దగ్గర ఏడ్చినవారు మరో తలుపు దగ్గరకు వెళ్ళరు. జమల్ యుద్ధం ముగిశాక హజ్రత్ అలీ (రజి) బస్రా బయటే ఆగారు. రెండు వైపుల మృతులకూ జనాజా నమాజు చేయించారు. మైదానంలో దొరికిన వస్తువులన్నిటినీ బస్రా మసీదుకు చేర్పించి, తమవి గుర్తుపట్టినవారు వచ్చి తీసుకువెళ్ళాలని ఊరంతా చాటింపు వేయించారు.